గీత గీసిన నీళ్ళ సీసా

మా అన్న పోయి అప్పటికి మూడు నెలలు. 2024 మే నెల, ఎండలు మండిపోతున్నాయి. సెలవులు కదా అని కనిగిరి దగ్గర మా ఊరి నుంచి అన్న పిల్లలిద్దరినీ నెల్లూరు తీసుకొచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం చిన్నోడు వంటింటి గడప దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. ఎండదెబ్బేమో అని గ్లూకోజు కలిపి ఇస్తే రెండు గుక్కలు తాగి, చాలు అత్తా అని గ్లాసు పక్కన పెట్టేశాడు. సాయంత్రం వాడి బట్టలు సర్దుతుంటే బ్యాగు అడుగున తువాలులో చుట్టిపెట్టిన లీటరు ప్లాస్టిక్ సీసా కనిపించింది. దాని మీద నల్ల మార్కరుతో అడ్డంగా ఒక గీత.

ఆ గీత గీసింది నేనే. వాడి కోసం కాదు, మా అన్న కోసం, రెండేళ్ళ కిందట.

పిల్లోడు రోజూ పొద్దున్నే ఆ గీత దాకా నీళ్ళు పట్టుకుని, ఆ రోజుకి అవే తాగుతున్నాడు. ఏడేళ్ళ పిల్లోడు, మే నెలలో, ముప్పాతిక లీటరు నీళ్ళతో.

ఇది రాయడానికి ముందు వదిననీ పిల్లల్నీ అడిగాను. రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. ఇంట్లో పెద్ద జబ్బు మనిషీ, చిన్నపిల్లలూ ఉన్నవాళ్ళు ఎవరైనా చదివితే, మేం చేసిన తప్పు వాళ్ళు చెయ్యకుండా ఉంటారని నా ఆశ.

మా వైపు నీళ్ళ సంగతి చాలామందికి తెలుసు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్ళు దెబ్బతినే జబ్బు గురించి మన దేశంలో డాక్టర్లు మొట్టమొదట 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. 1970లో ప్రకాశం జిల్లా వచ్చేదాకా కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు కిందవే కదా. అన్నకి ముప్పై దాటగానే మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. పొలం పని ఆపలేడు, మందుల షాపులో నొప్పి బిళ్ళలు అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి మింగాడు. బీపీ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. 2021లో కాళ్ళు వాచిపోయి ఒంగోలు తీసుకెళ్తే, రక్తపరీక్ష చూసి కిడ్నీలు రెండూ దాదాపు పోయాయన్నారు. బీపీ, ఆ బిళ్ళలు కలిసి చేసిన పని అని డాక్టరు చెప్పారు. మరుసటి ఏడు డయాలసిస్, అంటే మిషనుతో రక్తం వడగట్టడం, మొదలైంది. సోమవారం, గురువారం, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయేది కానీ తెల్లారుజామున బస్సెక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడేది.

పిల్లలకి ఏం చెప్పామంటే, "నాన్నకి ఒంట్లో బాగాలేదు, తగ్గిపోతుంది" అని. అంతే. పెద్దవాళ్ళం వసారాలో కూర్చుని మాట్లాడుకుంటూ, పిల్లలు వస్తే మాట మార్చేసేవాళ్ళం. మంచికే అనుకున్నాం. పెద్దమ్మాయి అప్పటికే ఫోన్లో "క్రియాటినిన్ 9 అంటే ఏంటి" అని, కిడ్నీ ఎంత పాడైందో చెప్పే ఆ రక్తపరీక్ష అంకె గురించి వెతికి, వచ్చినవన్నీ చదివేసి, ఎవరికీ చెప్పకుండా కూర్చుందని చాలా తర్వాత తెలిసింది. చిన్నోడైతే వాళ్ళ నాన్న కంచంలో తినడం మానేశాడు. అంటుకుంటుందేమోనని. అడగలేదు, మానేశాడు, అంతే. అన్న అది గమనించి బాధపడేవాడు, మేమేమో పిల్లోడు పెద్దవాడవుతున్నాడులే అనుకున్నాం.

1970లలో అమెరికాలో మైరా బ్లూబాండ్ లాంగ్నర్ అనే పరిశోధకురాలు లుకేమియా అనే రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల మధ్య నెలల తరబడి గడిపారు. మూడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు. తల్లిదండ్రులూ డాక్టర్లూ ఎవరూ చెప్పకపోయినా తాము చనిపోతామని ఆ పిల్లలకి తెలుసనీ, అమ్మానాన్నలు బాధపడతారని తెలియనట్టు ఉంటారనీ ఆవిడ గమనించారు. ఇది చదివినప్పుడు నాకు మా వసారా గుర్తొచ్చింది. మనం వాళ్ళ దగ్గర దాస్తుంటే వాళ్ళూ మన దగ్గర దాస్తారు, ఇల్లంతా అందరికీ తెలిసిన సంగతినే ఎవరికి వారు మోసుకుంటూ తిరుగుతారు.

చివరికి చెప్పింది మా అన్నే. ఒక రాత్రి చిన్నోడిని పక్కన కూర్చోబెట్టుకుని, నడుం దగ్గర గుప్పెడంత ఉంటాయిరా రెండు, టీ వడగట్టే జాలీ లాంటివి, నావి పాడైపోయాయి, అందుకే మిషను వడగడుతుంది, నీకు అంటుకోదు, నువ్వు చేసిన దేనివల్లా రాలేదు అని చెప్పాడు. డయాలసిస్ కోసం అన్నకి ఎడమ మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు, దాన్ని ఫిస్టులా అంటారు. అక్కడ వేలు ఆనిస్తే లోపల గుయ్యిమని అదురుతుంటుంది. వాడి వేలు తీసుకుని అక్కడ పెట్టాడు. పిల్లోడు ముందు జడుసుకున్నాడు, తర్వాత చెవి ఆనించి విన్నాడు. "నాన్న చేతిలో తుమ్మెద ఉంది" అని ఊరంతా చెప్పొచ్చాడు. ఆ రోజు నుంచి పడుకునే ముందు తుమ్మెదని వినడం వాడికి అలవాటైంది. మళ్ళీ నాన్న కంచంలో తినడం మొదలుపెట్టాడు కూడా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఇంకో పని చేశాను.

డయాలసిస్ మనిషికి దాహం ఎట్టా ఉంటుందో దగ్గర ఉండి చూస్తేనే తెలుస్తుంది. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు, ఒంట్లోనే నిలిచిపోతాయి, కాళ్ళకి, ఊపిరితిత్తులకి చేరతాయి, ఆయాసంతో పడుకోలేక రాత్రంతా కూర్చునే ఉంటారు. అన్నకి టీ, మజ్జిగ, చారుతో కలిపి రోజుకి లీటరు దాటొద్దన్నారు. మా ఊరి ఎండలకి! చూడటానికి వచ్చినవాళ్ళు పాపం ప్రేమతో కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు తెచ్చేవాళ్ళు, అవి రెండూ ఆ జబ్బుకి పనికిరావు, పొటాషియం పెరిగి గుండెకే ముప్పు. వదిన ఒక్కతే ఎన్నని చూసుకుంటుంది? అందుకని నేను ఒక సీసా తీసుకుని మార్కరుతో గీత గీసి చిన్నోడి చేతికిచ్చి, "ఇదిగో, నాన్న నీళ్ళకి నువ్వే కాపలా. గీత దాటితే నాన్నకి ప్రమాదం, సరేనా?" అన్నాను. వాడు ఎంత గర్వపడ్డాడో. నాన్న చెంబు దగ్గరికి వెళ్తే పరిగెత్తుకొచ్చేవాడు. అందరం మురిసిపోయాం, ఎంత బాధ్యత తెలిసిన పిల్లోడో అని.

2024 ఫిబ్రవరిలో ఒక మంగళవారం రాత్రి అన్నకి ఛాతీలో నొప్పి వచ్చింది. ఒంగోలు చేరేసరికే గుండె ఆగిపోయింది.

తెల్లారేసరికి ఇంటి ముందు షామియానా వేసి, అన్నని పడుకోబెట్టారు. చిన్నోడు నిద్ర లేచి వచ్చాడు. ఎవరో దూరపు చుట్టం వాడిని దగ్గరికి తీసుకుని, "నాన్న నిద్రపోతున్నాడు నాయనా" అంది. వాడు ఆవిడ చెయ్యి విడిపించుకుని వెళ్ళి, కింద కూర్చుని, దుప్పటి కొంచెం పక్కకి తీసి, అన్న ఎడమ మణికట్టుకి చెవి ఆనించాడు. చాలాసేపు. చుట్టూ ఏడుపులు, వాడు రెండో చెవి మూసుకున్నాడు సరిగా వినబడటానికి. తర్వాత లేచి నా వైపు చూసి, "తుమ్మెద లేదత్తా" అన్నాడు.

వాడిని పెరట్లోకి తీసుకెళ్ళాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే. "నాన్న చనిపోయాడు నాన్నా" అన్నాను. ఊరెళ్ళాడనీ, దేవుడు తీసుకెళ్ళాడనీ, చుక్కయిపోయాడనీ అనలేదు. నిద్ర అని చెబితే పిల్లలు నిద్రపోవడానికే భయపడతారు, ఊరెళ్ళాడంటే నన్నొదిలి ఎందుకెళ్ళాడు, ఎప్పుడొస్తాడు అని ఎదురుచూస్తారు. దేవుడు తీసుకెళ్ళాడంటే ఆ దేవుడంటేనే భయం. చనిపోవడమంటే గుండె ఆగిపోవడం, ఊపిరి ఉండదు, ఆకలి, దాహం, నొప్పి ఏవీ ఉండవు, మళ్ళీ లేవడం ఉండదు అని చెప్పాను. వాడు అడిగింది ఒకటే, కాలుస్తారంట కదా, నొప్పి పుట్టదా అని. పుట్టదన్నాను. ఐదారేళ్ళ లోపు పిల్లలకి ఇది తిరిగి రాని విషయమని పట్టుబడదు, చెప్పిందే మళ్ళీ మళ్ళీ అడుగుతారు, విసుక్కోకుండా అదే మాట చెప్పాలి. వీడికి ఏడేళ్ళు, అర్థమైంది. అయినా అడిగాడు, చాలాసార్లు.

తలకొరివి వాడే పెట్టాలన్నారు. ఏం జరుగుతుందో ముందే వరసగా చెప్పాను, పాడె, డప్పులు, దింపుడు కళ్ళం దగ్గర చెవిలో మూడుసార్లు పిలవమంటారు, పిలిచినా నాన్న లేవడు, అది వీడ్కోలు లాంటిది అని. నీకు వద్దనిపిస్తే చిన్నాన్న పెడతాడు, ఎవరూ ఏమీ అనరు అన్నాను. పెద్దవాళ్ళు కొందరు నన్ను కోప్పడ్డారు, పిల్లోడిని అడిగేదేంటని. వాడు వెళ్తానన్నాడు. చిన్నాన్న వాడి చెయ్యి వదల్లేదు, వాడికి భయమేసిన క్షణం ఇంటికి తీసుకొచ్చేయాలని ముందే అనుకున్నాం. ఆడవాళ్ళం దింపుడు కళ్ళం దాకా వెళ్ళాం. వాడు నాన్నా, నాన్నా, నాన్నా అని పిలిచి, తల తిప్పి నా వైపు చూశాడు. ముందే చెప్పకుండా ఉండి ఉంటే, నిద్రపోతున్నాడన్న నాన్నని లేపమంటే, ఎన్నిసార్లు పిలిచేవాడో.

ఆ తర్వాత రోజుల్లో అందరూ అన్న మాటలున్నాయే, వాటి గురించి చెప్పాలి. "ఇంక ఈ ఇంటికి మగదిక్కు నువ్వేరా" అని ఏడేళ్ళ పిల్లోడితో. "నువ్వేడిస్తే మీ అమ్మ ఏమైపోతుంది" అని పదిహేనేళ్ళ పిల్లతో. ఓదార్చాలనే అంటారు, నాకు తెలుసు, కానీ ఆ మాటలు పిల్లల మీద బండరాళ్ళు. మూడో రోజు చిన్నోడు వీధిలో గోలీలాడుతుంటే, "తండ్రి పోయాడన్న బాధే లేదు చూడు" అని ఒకావిడ. పిల్లల దుఃఖం ముక్కలు ముక్కలుగా వస్తుందమ్మా. పది నిమిషాలు గుండె పగిలేలా ఏడుస్తారు, అరగంట ఆడుకుంటారు, రాత్రికి పక్క తడుపుతారు. ఏకధాటిగా మోయలేరు కాబట్టే మధ్యలో దించుతారు. ఆడుకోనివ్వండి.

బడి సంగతి కూడా. పదకొండో రోజు అయ్యాక వెళ్తే, టీచరు వాడిని లేపి నిలబెట్టి, "వీళ్ళ నాన్న చనిపోయాడు, అందరూ వీడితో మంచిగా ఉండండి" అని చెప్పారంట. మంచి మనసుతోనే. పిల్లోడు వారం రోజులు బడికి పోనన్నాడు. మేమే ముందు రోజు వెళ్ళి మాట్లాడి ఉండాల్సింది, క్లాసులో చెప్పాలా వద్దా, ఎట్టా చెప్పాలి అని వాడినే అడిగి.

పెద్దమ్మాయి ఏడవలేదు. నెల తిరిగేసరికి పదో తరగతి పరీక్షలు, రాసింది, పాసయింది, ఎంత ధైర్యమో అని అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం వాళ్ళమ్మ ఏం మాట్లాడినా కస్సుమనేది. రాత్రి రెండింటి దాకా దుప్పటి కింద ఫోను. ఫోను లాక్కుందామనే అనుకున్నాను నేను. ఒక రాత్రి పక్కన పడుకుని ఉంటే ఇయర్‌ఫోన్ ఊడి బయటికి వినబడింది, అన్న గొంతు. "పాపా, బస్సెక్కాను. నువ్వు అన్నం తిన్నావా?" ఒంగోలు నుంచి పంపిన వాయిస్ మెసేజీలు. ఒక్కొక్కటీ ఐదారు సెకన్లు. అవే వింటోంది. పొద్దున్నే వాటన్నిటినీ ఇంకో ఫోన్లోకి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను, ఫోను పాడైతే పోతాయని. నేను చెప్పిన ఏ ఓదార్పు మాటకన్నా ఆ పనికే అది నాకు దగ్గరైంది అనుకుంటా. జూన్‌లో మేడ మీద కరెంటు పోయిన చీకట్లో చెప్పింది: "నాన్న చనిపోయారని ఫోను వచ్చినప్పుడు, ఇంక ఒంగోలు బస్సులు ఉండవు అనిపించిందత్తా. ముందు అదే అనిపించింది." అని ఏడ్చింది, నాలుగు నెలల ఏడుపు. నాక్కూడా అట్టాగే అనిపించింది పాపా అన్నాను. నిజంగానే అనిపించింది. ఏళ్ళ తరబడి జబ్బు మనిషిని చూసుకున్న ఇంట్లో, ఆ అలసట ఆగిందనుకోవడం ప్రేమ లేక కాదు, ఇది ఆ వయసు పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇప్పుడు సీసా.

మే నెలలో ఆ రాత్రి సీసా ముందు పెట్టి, ఎందుకురా అని మెల్లగా అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఆదివారం రాత్రి నాన్న అడిగాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు. చెంబుతో ఇచ్చా. గీత దాటిపోయింది. మంగళవారం చచ్చిపోయాడు" అన్నాడు. మూడు నెలలు. వాడు మూడు నెలలు వాళ్ళ నాన్నని తనే చంపానని అనుకుంటూ మాతో అన్నం తిన్నాడు, గోలీలాడాడు. నాన్న కోసం గీసిన గీత దాకానే తనూ తాగి శిక్ష వేసుకున్నాడు.

"అట్టా అనుకోకూడదు నాన్నా, నీ తప్పేం లేదు" అన్నాను. తల ఊపాడు. మర్నాడు మళ్ళీ గీత దాకానే. ఆ వయసు పిల్లలు ఏం జరిగినా తమ వల్లే జరిగిందనుకుంటారు, అది తెలిసిన విషయమే, కానీ వీడికి అలా అనుకోవడానికి కారణం నేనే ఇచ్చాను కదా, గీత దాటితే ప్రమాదం అని. నేనే అన్న మాటని నేనే కాదంటే ఎట్టా నమ్ముతాడు? వాడికి కావాల్సింది ఓదార్పు కాదు, లెక్క.

ఒంగోలు తీసుకెళ్ళాను. అన్నకి డయాలసిస్ చేసిన టెక్నీషియన్ అబ్బాయికి ముందే ఫోన్ చేసి సంగతి చెప్పాను. అతను వాడిని కుర్చీలో కూర్చోబెట్టుకుని, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాడు. రిజిస్టరు తీసి సోమవారం తేదీ దగ్గర వేలు పెట్టి, "ఇదిగో, ఆ రోజు మిషను మీ నాన్న ఒంట్లోంచి రెండున్నర లీటర్ల నీళ్ళు తీసేసింది. నువ్వు ఆదివారం ఇచ్చింది ఎంత? ఒక చెంబు. అది కూడా ఇందులోనే వచ్చేసింది. మంగళవారానికి నువ్విచ్చిన నీళ్ళు మీ నాన్న ఒంట్లో లేవు. కిడ్నీలు పోయినవాళ్ళకి గుండె కూడా దెబ్బతింటుంది, మీ నాన్న గుండె అట్టా ఆగిపోయింది" అన్నాడు. పిల్లోడు ఆ అంకె తనే మళ్ళీ చదివాడు. రెండు పాయింటు ఐదు. ఖాళీ సీసాలు చూపించమన్నాడు, రెండున్నర ఎంతో చూడాలని. ఆ అబ్బాయి లీటరు సీసాలు మూడు తెచ్చి వరసగా పెట్టాడు. ఆ అబ్బాయికి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. తిరుగు బస్సులో సగం దారి రాకముందే చిన్నోడు నా చేతిలో సీసా లాక్కుని నీళ్ళు తాగాడు.

పిల్లలకి ఇంట్లో జబ్బు మనిషి దగ్గర పని ఇవ్వడం మంచిదే, దూరంగా పెడితే ఇంకా భయపడతారు. కాళ్ళు ఒత్తడం, పేపరు చదివి వినిపించడం, మందుల సంచి అందించడం. ప్రాణం ఆధారపడ్డ పని మాత్రం వాళ్ళ చేతికివ్వొద్దు, మాటవరసకి కూడా. నీళ్ళ కాపలా నాది, వదినది. పిల్లోడికి తుమ్మెదని వినడం సరిపోయేది.

మాకు ఇంకో సాయం దొరికింది, 14416, టెలి మానస్ అనే మానసిక సాయం ఫోన్ నంబరు. ప్రభుత్వానిదే, డబ్బులుండవు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. సీసా సంగతి బయటపడ్డ రాత్రి పదకొండింటికి నేను చేశాను. పిల్లలు వారాల తరబడి తిండి నిద్ర లేకుండా ఉన్నా, నాన్న దగ్గరికి నేనూ వెళ్ళిపోతా అన్నా, ఆలస్యం చెయ్యొద్దు, చిన్నపిల్ల మాటలే అని కొట్టిపారెయ్యొద్దు. తండ్రి పోయి ఇల్లు గడవని పిల్లలకి మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకి 4,000 వస్తుంది, పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ అధికారి ఆఫీసులో అడగాలి, అంగన్‌వాడీ టీచరుని అడిగినా దారి చెబుతారు.

పెద్దమ్మాయి విషయంలో ఒకటి మిగిలింది. 2023 జులైలో అందరం నెల్లూరు రొట్టెల పండగకి వెళ్ళాం, అన్న కూడా. స్వర్ణాల చెరువులో తల మీద చున్నీ కప్పుకుని నిలబడి, ఆరోగ్యం కోసం మొక్కుకుని, ఆరోగ్య రొట్టె పట్టుకుని తన చేత్తో నాన్నకి తినిపించింది. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి రొట్టె ఇచ్చి వెళ్ళాలి కదా. మరుసటి ఏడు పండగ వచ్చేసరికి, "నేను సరిగా మొక్కుకోలేదేమో" అంది. నీ మొక్కులో లోపం లేదు పాపా, జబ్బు పెద్దది అన్నాను. అంతకన్నా నా దగ్గర లేదు. చెరువు దాకా నాతో వచ్చింది, కాసేపు మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది, ఏ రొట్టే తీసుకోలేదు, ఇవ్వలేదు, వచ్చేశాం.

2025 ఫిబ్రవరిలో సంవత్సరీకం. ఫోటో ముందు విస్తరి వేసి, అన్నకి ఇష్టమైనవన్నీ వడ్డించాం, అరటిపండు కూడా. చిన్నోడు వంటింట్లోంచి పెద్ద చెంబు పట్టుకుని, "అత్తా, నాన్నకి నీళ్ళు పెట్టనా, నిండా?" అని అడిగాడు. నాన్న తాగలేడు నాన్నా, నీకు పెట్టాలనిపిస్తే పెట్టు అన్నాను. తెలుసులే అన్నాడు. అంచుల దాకా నింపాడు. వసారా దాటి వచ్చేసరికి సగం దారి తడిసిపోయింది, వదిన తుడవడానికి గుడ్డ తీసి, మళ్ళీ పక్కన పెట్టేసింది.